వరి పండే ఊళ్ళో గాలి మొక్క

కుండీలోంచి లాగగానే మొక్క కంటే ముందు వాసన బయటికి వచ్చింది. పాత వార్తాపత్రిక పరచి దాని మీద పెట్టాను. అయిదు ఆకులూ ముడుతలు పడి, నాలుగు రోజులు మరిచిపోయిన తమలపాకుల్లా వాలిపోయాయి. వేరు పట్టుకుంటే పై తొక్క ఊడి చేతికి అంటుకుంది, లోపల సన్నటి దారం మిగిలింది. ఒక్కటైనా గట్టిగా ఉంటుందేమోనని వేర్లన్నీ వరసగా నొక్కి చూశాను. ఒక్కటీ లేదు. అది 2022 జూలై, ఒక ఆదివారం మధ్యాహ్నం.

ఆ మొక్కను ఫిబ్రవరిలో కొన్నాను. కోవూరులో బడి ముగించుకుని నెల్లూరు తిరిగి వస్తూ, హైవే పక్కన ఒక నర్సరీ దగ్గర ఆగాను. బంతులు, చామంతులు, కనకాంబరాల మధ్య ఒక వంగిన కాడ, దాని మీద ఎనిమిది తెల్లని పూలు. రెక్కలు విప్పుకుని దీపం చుట్టూ తిరిగే పురుగులు ఒకే కొమ్మ మీద వరసగా వాలినట్టున్నాయి. దాని పేరే మాత్ ఆర్కిడ్ అని అక్కడి అబ్బాయి చెప్పాడు. శాస్త్రీయ నామం ఫాలనాప్సిస్. గ్రీకులో 'ఫలైనా' అంటే అలాంటి రెక్కల పురుగు, 'ఆప్సిస్' అంటే రూపం. జావాలో పనిచేసిన బ్లూమ్ అనే వృక్షశాస్త్రవేత్త 1825లో పెట్టిన పేరు అది. తెలుగు పాఠాలు చెప్పేదాన్ని కనుక పేరు వెనక కథ ఉంటే నాకు ఆ వస్తువు మీద మరింత మమకారం కలుగుతుంది. ఏడువందలు ఇచ్చి తెచ్చుకున్నాను.

పూలు ఏప్రిల్ దాకా నిలిచాయి. అన్నాళ్ళూ ఉదయం కాఫీ కాచే ముందు ఒక గ్లాసు నీళ్ళు పోసేదాన్ని. మేలో ఆకులు మెత్తబడటం మొదలైంది. ఎండకు దాహం వేస్తోందని రెండు గ్లాసులు పోశాను. ఇంకా మెత్తబడింది. సాయంత్రం కూడా పోశాను.

ఆ ఆదివారం మా మరిది వచ్చాడు. మైపాడు వైపు అతనికి రొయ్యల గుంటలున్నాయి. వార్తాపత్రిక మీది మొక్క దగ్గర కూర్చుని, వంగి వాసన చూసి, "ఈ వాసన నాకు తెలుసు వదినా. గుంట అడుగున గాలి అందక మట్టి నల్లబడితే ఇదే వాసన వస్తుంది. నీళ్ళు ఎక్కువై చావలేదు ఇది, గాలి లేక చచ్చింది" అన్నాడు.

అతనికి ఆర్కిడ్ల గురించి ఏమీ తెలియదు. నీళ్ళలో ఊపిరాడకపోవడం గురించి మాత్రం బాగా తెలుసు. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గిపోతుందని రాత్రంతా ఏరేటర్లు తిప్పుతూ, కరెంటు పోతే జనరేటర్ దగ్గరకు పరుగెత్తే మనిషి. ఆ రోజు అతను చెప్పిన ఆ ఒక్క మాట తర్వాత నేను చదివినవన్నిటికీ తాళంచెవి అయింది.

నెల్లూరు పేరులోనే 'నెల్లు' ఉంది, అంటే వరి. పెన్నా నీళ్ళు పారిన మాగాణి మనది. మొక్క వాడితే నీళ్ళు పెట్టడం మా చేతులకు పుట్టుకతో వచ్చిన పని. వరి నిలవ నీటిలో బతకగలదంటే, దాని కాండంలో, వేర్లలో గాలి కిందికి దిగే సన్నని గొట్టాలున్నాయి. ఈ మొక్కకు ఆ ఏర్పాటు లేదు. ఆగ్నేయాసియా అడవుల్లో ఇది చెట్ల కొమ్మల మీద, మట్టి అంటకుండా పెరుగుతుంది. వాన కురుస్తుంది, వేరు తడుస్తుంది, ఆ వెంటనే గాలి వీచి ఆరబెడుతుంది. ఆ వేరు చుట్టూ వెలామెన్ అనే స్పంజి లాంటి పొర ఉంటుంది. నీరు తగలగానే నిమిషాల్లో పీల్చుకుంటుంది. ఎండినప్పుడు వెండి రంగు, తడిస్తే ఆకుపచ్చ. అలాంటి వేరును నేను రంధ్రం లేని పింగాణీ కుండీలో, అడుగున రెండంగుళాల నిలవ నీటిలో ముంచి పెట్టాను. అమ్మినప్పుడు ఉన్న కుండీ అదే. చచ్చిన మొక్కను శుభ్రం చేస్తుంటే ఇంకొకటి కూడా కనబడింది: వేర్ల నడుమ నిమ్మకాయంత నాచు ముద్ద, పిండితే నీరు కారుతోంది. మొక్క చిన్న నారుగా ఉన్నప్పుడు నర్సరీల్లో పెట్టే నాచు అది. పైనుంచి చూస్తే కుండీలో మట్టికి బదులు నింపిన బెరడు ముక్కలు పొడిగా ఉంటాయి, నడుమ మాత్రం వారాల తరబడి తడి ఆరదు.

వేరు కుళ్ళితే నీరు తాగలేదు. కాబట్టి ఆకు వాడుతుంది. చూసేవాళ్ళకు అది దాహంలా కనిపిస్తుంది. ఈ మొక్క కొనేవాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే: ఆకును చూసి నీళ్ళు పోయకండి, వేరును చూసి పోయండి.

రెండో మొక్కను 2023 మార్చిలో కొన్నాను. పూలు రాలిపోయాయని 250కి ఇచ్చారు. ఈసారి పూలు చూసి కొనలేదు. కుండీ ఎత్తి వేర్లు చూశాను, ఆకుల నడిబొడ్డు గట్టిగా ఉందో లేదో చూశాను. ఇంటికి తెచ్చిన రోజే విప్పేశాను. నాచు ముద్దను పళ్ళపుల్లతో పోగు పోగుగా తీయడానికి గంటన్నర పట్టింది. స్టవ్ మంట మీద కాల్చి చల్లార్చిన కత్తెరతో కుళ్ళిన వేర్లు నాలుగు కత్తిరించి, కోసిన చోట దాల్చిన చెక్క పొడి అద్దాను. అది బూజును ఆపుతుంది. కానీ తేమను కూడా లాగేస్తుంది కనుక మంచి వేర్లకు తగలనీయకూడదు.

కుండీ నేనే చేసుకున్నాను. ఊరగాయలు పోసుకునే పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకుని, ఇనుప కమ్మీ కాల్చి అడుగునా చుట్టూ రంధ్రాలు పెట్టాను. డబ్బా గుండా వేర్లు కనిపించాలి, అదే నాకు ముఖ్యం. లోపల నింపడానికి మట్టి పనికిరాదు. ఎండిన కొబ్బరి పీచు ఉన్న డొక్కలను అంగుళం ముక్కలుగా కోసి, వారం రోజులు నానబెట్టి, రోజూ నీళ్ళు మార్చాను. మొదటి రోజు నీరు టీ డికాక్షన్‌లా దిగింది, ఏడో రోజుకు తేరుకుంది. సముద్రతీరపు కొబ్బరిలో ఉప్పు ఉంటుంది, అది పోవాలి. మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయన్ను అడిగితే కాల్చని బొగ్గులు ఒక కవరు నిండా ఇచ్చారు. వాటిని వేరుశనక్కాయంత ముక్కలు చేశాను. ఆన్‌లైన్‌లో తెప్పించిన పైన్ బెరడు సగం, డొక్కలు పావు, బొగ్గు పావు. గట్టిగా అదమలేదు. ముక్కకూ ముక్కకూ నడుమ గాలి ఆడాలి.

అప్పుడు నీళ్ళ సమస్య ఎదురైంది. రెండు నెలలకే వేర్ల కొసలు గోధుమ రంగుకు తిరిగి మాడినట్టయ్యాయి. ఈసారి తడి ఎక్కువ కాలేదని డబ్బా గుండా కనిపిస్తూనే ఉంది. మరిది తన దగ్గరున్న టీడీఎస్ మీటరు, అంటే నీటిలో కరిగిన లవణాలను కొలిచే పరికరం, తెచ్చాడు. మా అపార్ట్‌మెంటు బోరు నీళ్ళలో ముంచితే 1,400 దాటింది. ఈ వేర్లకు 200 లోపుంటే హాయి. ఉప్పు నీళ్ళు ఆరిన ప్రతిసారీ ఆ ఉప్పు పీచులోనే ఉండిపోయి వేరు కొసను కాలుస్తుంది. తాగడానికి వేయించుకునే క్యాను నీళ్ళు 60 చూపించాయి. ఆ రోజు నుంచి క్యాను నీళ్ళే. తర్వాత వాన నీళ్ళు పట్టుకోవడం అలవాటయింది. ఒక్క మొక్కకు వారానికి రెండు లీటర్లు చాలు, మూత గట్టిగా పెడితే దోమలు చేరవు.

నీళ్ళు పెట్టే పద్ధతి కూడా మార్చుకున్నాను. బకెట్లో నీళ్ళు పోసి డబ్బాను పది నిమిషాలు ముంచి, తీసి, చుక్క రాలడం ఆగేదాకా సింకులో ఉంచుతాను. వేర్లు మొదట వెండి రంగులో ఉండి, ముంచగానే కళ్ళ ముందే పచ్చబడతాయి. ఇన్నేళ్ళ తర్వాత కూడా అది నిలబడి చూస్తాను. మళ్ళీ ఎప్పుడు పెట్టాలన్నది క్యాలెండరు చెప్పదు. చీపురు పుల్ల ఒకటి పీచులోకి గుచ్చి ఉంచుతాను. లాగి చెంపకు ఆనిస్తే చల్లగా ఉంటే ఇంకా తడి ఉన్నట్టు. మేలో నాలుగు రోజులకొకసారి, నవంబరు వానల్లో పది పన్నెండు రోజులకొకసారి అవసరమయింది. ఎప్పుడైనా ఉదయమే. ఆకుల నడిబొడ్డులో చుక్క నిలిచి రాత్రి గడిస్తే అక్కడి నుంచే కుళ్ళు పడుతుంది. ఈ మొక్కకు ఉన్నది ఒకే ఒక్క చిగురు, అది పోతే పక్క నుంచి మళ్ళీ మొలవడం అరుదు. పొరపాటున నీరు పడితే దూదితో అద్దేస్తాను.

ఎరువు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. రైతుల దుకాణంలో దొరికే 19-19-19 కరిగే ఎరువు, లీటరుకు అర గ్రాము, రెండు తడులకు ఒకసారి. నెలకొకసారి ఉత్త నీళ్ళతో బాగా కడగాలి. పిండినల్లి ఒకసారి వచ్చింది, మందుల దుకాణంలో దొరికే స్పిరిట్‌లో దూది ముంచి ఆకు అడుగున, మొదళ్ళలో వారం విడిచి వారం మూడుసార్లు తుడిస్తే పోయింది.

ఎండ విషయంలో ఒక ఆకు పోగొట్టుకున్నాను. ఏప్రిల్‌లో ఇల్లు కడుగుతూ పడమటి బాల్కనీలో పెట్టి మరిచిపోయాను. మధ్యాహ్నం రెండున్నరకు చూస్తే పై ఆకు మీద అరచేయంత తెల్లటి మచ్చ, మర్నాటికి నల్లబడింది. తూర్పు కిటికీ దగ్గర ఉదయం ఎండ తెర గుండా పడే చోటే దాని స్థానం. రోహిణి కార్తెలో పడమటి వడగాలి కొడితే అక్కడి నుంచి కూడా లోపలి వరండాలోకి మారుస్తాను. పళ్ళెంలో ఇటుక ముక్కలు పరచి, నీళ్ళు పోసి, డబ్బాను నీరు తగలకుండా ఆ ఇటుకల మీద ఉంచుతాను. మా బడిలో జీవశాస్త్రం చెప్పే మేడమ్ వివరించారు: ఈ మొక్క పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకుని దాచుకుంటుందట. కలబంద, అనాస కూడా అంతే. అందుకే మన ఎండలకు తట్టుకుంటుంది గానీ, రాత్రి కూడా ఉక్కపోస్తే పెరుగుదల ఆగిపోతుంది.

ఆ వేసవిలోనే మా అత్తయ్య రాపూరు నుంచి వచ్చి మొక్కను చూశారు. "ఇది బదనిక కదమ్మా, చింతచెట్ల మీద ఉంటుంది, చెట్టును పీల్చేస్తుంది" అన్నారు. వెలిగొండ పక్కన పుట్టి పెరిగిన మనిషి, పెంచలకోన దారిలో ఏ చెట్టు ఏదో చెప్పగలరు. చెట్టు మీద పెరిగేదాన్నంతా బదనిక అనడం అక్కడి వాడుక. అయితే అసలు బదనిక కొమ్మలోకి వేరు దించి చెట్టు రసం తాగుతుంది. ఆర్కిడ్ చెట్టును తాగదు. కూర్చోవడానికి చోటు అడుగుతుంది, అంతే. మన తూర్పు కనుమల్లో వాండా అనే ఆర్కిడ్ కూడా అలాగే కొమ్మల మీద కనిపిస్తుంది. అత్తయ్య వేర్లను వేలితో తాకి చూసి, "అయితే దీనికి తినడానికి ఏముంది?" అని అడిగారు. వాన నీటిలో కరిగి వచ్చేది, బెరడు పగుళ్ళలో చివికిన ఆకులూ అని చెప్పాను. ఆమె చాలాసేపు అక్కడే కూర్చున్నారు.

పూల కోసం ఎదురుచూపు మొదలైంది. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు. కొత్త ఆకులు రెండు వచ్చాయి, కాడ లేదు. మల్లెకు ఎండ తగిలితే మొగ్గ వస్తుంది. దీని స్వభావం అందుకు పూర్తిగా విరుద్ధం. వేడి 28 డిగ్రీలు దాటి ఉన్నంతకాలం ఫాలనాప్సిస్ ఆకులే వేస్తుంది. పగలు 25 దగ్గర, రాత్రి 20 దగ్గర కొన్ని వారాలు గడిస్తేనే పూకాడ తొడుగుతుంది. తైవాన్‌లో, నెదర్లాండ్స్‌లో అమ్మకానికి పెంచేవాళ్ళు అద్దాల ఇళ్ళను చల్లబరిచి ఆ చలిని తయారు చేస్తారు. మన ఇంట్లో ఆ చలి ఎక్కడిది?

ఈశాన్య రుతుపవనం తెచ్చింది. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను మా తీరం వెంట సాగి, 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. 3వ తేదీ రాత్రి నుంచి ఏకధాటి వాన. బడులకు సెలవు, ఇంట్లో కరెంటు లేదు. డాబా మీద రెండు టబ్బులు పెడితే మర్నాటికి పొంగిపోయాయి. ఆ నీళ్ళలో మీటరు ముంచితే 12. మొక్కను తూర్పు బాల్కనీ గ్రిల్ లోపల, జల్లు తగలని మూలకు మార్చి అక్కడే వదిలేశాను. వాన వెలిశాక పొద్దున్నే కిటికీ తీస్తే ఒళ్ళు జలదరించేది. మబ్బు పట్టిన పగళ్ళు 25, 26. రాత్రి 20, 21. ధనుర్మాసమంతా అలాగే గడిచింది.

జనవరి 6న, సంక్రాంతి సెలవులకు ముందు, పైనుంచి మూడో ఆకు మొదట్లో ఒక పచ్చని బొడిపె కనిపించింది. వేరో కాడో తెలియదు. వేరయితే కొస గుండ్రంగా, నున్నగా మెరుస్తూ ఉంటుంది. కాడయితే కొస కాస్త చదునుగా, ఒక పక్క చిన్న నొక్కుతో చిలుక ముక్కులా ఉండి, పైకి చూస్తుంది. నాలుగు రోజులు భూతద్దంతో చూశాను. అయిదో రోజు నొక్కు స్పష్టమైంది. వంటింట్లో ఉన్న మా ఆయన్ను చేయి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను.

కాడ పెరుగుతున్నప్పుడు డబ్బాను తిప్పకూడదు. మొగ్గలు వెలుగు వచ్చే దిక్కును చూసుకుని సర్దుకుంటాయి, తిప్పితే అటొకటి ఇటొకటి అవుతాయి. డబ్బా మీద స్కెచ్ పెన్నుతో తూర్పు అని రాసి పెట్టాను. ఫిబ్రవరి చివరికి కాడ మూరెడు పెరిగి తొమ్మిది మొగ్గలు కట్టింది.

మార్చి 8న శివరాత్రి. ఇంటికి రెండు అత్తాల అరటిపళ్ళు వచ్చాయి. కిటికీ పక్క బల్ల మీద, కాడకు మూరెడు దూరంలో పెట్టాను. పండుగ అయిన మూడో రోజుకు కొస మొగ్గ పసుపుబారి రాలింది. తర్వాత రోజుకొకటి. అయిదు పోయాక జీవశాస్త్రం మేడమ్‌కు ఫోను చేస్తే, ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "పక్కన పళ్ళేమైనా ఉన్నాయా?" మాగుతున్న పండు ఇథిలీన్ వాయువు విడుస్తుంది. కాయను మాగబెట్టే ఆ వాయువే ఈ మొగ్గలను ముదిపించి రాలుస్తుంది. అరటిపళ్ళను వెంటనే వంటింటి అవతలి అరలోకి మార్చాను. మిగిలిన నాలుగు మొగ్గలు ఆగాయి.

మార్చి 24 ఉదయం మొదటి మొగ్గ కొస దగ్గర చీలింది. పూర్తిగా విచ్చుకోవడానికి రెండు రోజులు పట్టింది. తెలుపులోంచి లేత గులాబీ ఈనెలు, నడుమ పసుపు అద్దిన చిన్న పెదవి. ఆ పెదవి వచ్చే పురుగు వాలడానికి అరుగు. దాని పైన ఒక్క స్తంభంలో కేసరాలూ కీలాగ్రమూ కలిసిపోయి ఉంటాయి, పుప్పొడి కూడా పొడిగా రాలకుండా రెండు ముద్దలుగా ఉంటుంది. ఒకటి రాలినప్పుడు బడికి తీసుకెళ్ళాను. ఎనిమిదో తరగతి పిల్లలు దాన్ని చేతి నుంచి చేతికి ఎంత జాగ్రత్తగా అందించుకున్నారో చెప్పలేను. మిగిలిన మూడు పూలూ మే నెల రెండో వారం దాకా నిలిచాయి.

తర్వాతి డిసెంబరులో మళ్ళీ అదే మూలన పెట్టాను, మళ్ళీ కాడ వచ్చింది. ఈసారి పన్నెండు మొగ్గలు, ఒక్కటీ రాలలేదు. పళ్ళన్నీ వంటింట్లోనే. పూలు అయిపోయాక కాడను కత్తిరించకుండా వదిలేస్తే, 2025 మే వేడికి రెండో కణుపు దగ్గర పూకొమ్మకు బదులు రెండు చిన్న ఆకులు పుట్టాయి. అది పిల్లమొక్క. హవాయి భాషలో దాన్ని కేకీ అంటారు, ఆ మాటకు అర్థమూ పిల్ల అనే. జూలైకి దాని కింద వెండి రంగు వేర్లు రెండు గాలిలోకి వచ్చాయి. రెండూ రెండంగుళాలు దాటితే తల్లి నుంచి వేరు చేయవచ్చు.

అత్తయ్య ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నారు. ఆ పిల్ల తనకు కావాలన్నారు. పొద్దున్నే కిటికీ దగ్గరకు వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని, డబ్బాను వెలుతురుకు ఎత్తి చూస్తారు. నిన్న నేను బకెట్ తెస్తుంటే చేయి అడ్డం పెట్టి, "ఇంకా పచ్చగానే ఉన్నాయమ్మాయ్, ఎల్లుండి చూద్దాం" అన్నారు.